పొగలేని పొయ్యి

మా ఇంట్లో రెండు భాషలు. ఆ కూరకి రెండు భాషల్లోనూ పేరుంది కానీ ఆ పేరులో జంతువు లేదు. ఉర్దూలో 'బడే కా గోష్'. తెలుగులో 'పెద్దకూర'. మేకో గొర్రో అయితే 'ఛోటే కా', చిన్నకూర. పెద్దది, చిన్నది. అంతే. నలుగురిలో అడగాల్సి వస్తే గొంతు తగ్గించి 'బడా' అని ఒక్క మాట. తినేదాన్ని దాని పేరుతో పిలవలేని బతుకు ఒకటి ఉంటుందని తినని వాళ్ళకి చెప్తే నమ్మరు. ఆకలికి తింటాం, రుచికి తింటాం, చవక కాబట్టి తింటాం. పేరు మాత్రం మింగేస్తాం.

ఈ కూర గురించి మావాళ్ళు చాలానే రాశారు. నేను రాయదల్చుకుంది ఇంకో దేశంలో దాని గతి ఏమైందన్నది. అక్కడ అది గొప్పవాళ్ళ పళ్ళెంలోకి ఎక్కింది. ఎలా ఎక్కింది, ఎక్కేటప్పుడు ఎవర్ని కింద వదిలేసింది అన్నది చూశాక నాలో చాలాకాలంగా ఉన్న ఒక ఆశ పోయింది. అది పోవడమే మంచిదని ఇప్పుడనిపిస్తోంది.

2023 నవంబరులో మా తమ్ముడి దగ్గరికి టోక్యో వెళ్ళాను. వాడు పదేళ్ళుగా అక్కడ కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఎయిర్‌పోర్టులో దిగగానే రెండు చూపుడు వేళ్ళూ మిషన్ మీద పెట్టించి ముద్రలు తీసుకున్నారు. బయటి దేశం వాళ్ళలో దాదాపు అందరికీ అంతే. ఆ ముద్రల సంగతి మళ్ళీ వస్తుంది.

ఒక సాయంత్రం తమ్ముడు నన్నూ, తన ఆఫీసు స్నేహితుణ్ణీ 'యాకినికు' తినడానికి తీసుకుపోయాడు. యాకి అంటే కాల్చడం, నికు అంటే మాంసం. పచ్చి మాంసం ముక్కలు తెచ్చి ముందు పెడతారు. బల్ల మధ్యలో పొయ్యి, దాని మీద ఇనప జాలీ. ఎవరి ముక్క వాళ్ళే కాల్చుకుని తినాలి. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. హలాలేనా అన్నది ఒకటి. వాకిలి చూస్తేనే జేబు గుర్తొచ్చేలా ఉందన్నది ఇంకొకటి. "ఫికర్ నక్కో భయ్యా, సర్టిఫికెట్ గోడకే ఉంది చూడు" అన్నాడు తమ్ముడు. నిజమే. సారాయి జాతి మిరిన్ కలపకుండా చట్నీ కూడా వేరుగా చేస్తారట.

లోపల మాకొక చిన్న గది. నల్ల చెక్క గోడలు, తగ్గించిన దీపాలు. మెడకి కట్టుకోవడానికి గుడ్డ ఏప్రన్, కోట్లు పెట్టుకోవడానికి మూత ఉన్న పెట్టె. బట్టలకి వాసన పట్టకుండానట. వడ్డించే అమ్మాయి పళ్ళెంతోపాటు ఒక కాగితం తెచ్చి రెండు చేతులతో అందించింది. అందులో ఆ ఆవు పుట్టిన తేదీ, పెంచిన జిల్లా, పది అంకెల నెంబరు ఉన్నాయి. జపానులో 2001లో పిచ్చి ఆవు జబ్బు బయటపడింది. 2003లో చట్టం చేసి దేశంలో ప్రతి పశువుకీ పది అంకెల గుర్తింపు ఇచ్చారు. ఆ నెంబరుతో వెతికితే ఎక్కడ పుట్టింది, ఎక్కడ పెరిగింది, ఎక్కడ కోశారు అన్నీ తెలుస్తాయి. మేలుజాతి దూడలకైతే ముక్కు ముద్ర కూడా తీస్తారు. మనిషి వేలిముద్రలాగే ఏ రెండు ఆవుల ముక్కు గీతలూ ఒకటిగా ఉండవు.

ముందు నాలుక వచ్చింది. పల్చగా కోసి, ఉప్పు చల్లి, నిమ్మచెక్కతో. మా హైదరాబాదు నహారీలో తెల్లారుజామున పాయాతో కలిసి మరిగే జబానే ఇది. ఇక్కడ అర నిమిషం కాల్చి తింటారు. పచ్చి ముక్కని పట్టుకునే పటకారు వేరు, తినే పుల్లలు వేరు. రెండూ కలపకూడదు. తర్వాత పక్కటెముకల మాంసం. ఎర్రటి ముక్క నిండా తెల్లటి కొవ్వు సాలెగూడులా అల్లుకుని ఉంది. ఆ అల్లికని బట్టే ధర. జాలీ మీద వేస్తే చిటపటమని అంచులు ముడుచుకుంటాయి, అప్పుడే తీసెయ్యాలి. ఇంకొంచెం ఉంచితే కొవ్వంతా కరిగి బొగ్గు పాలవుతుంది. నోట్లో పెట్టుకుంటే నమలాల్సిన పనే లేదు. అబద్ధం ఎందుకు, నా బతుకులో అంత మెత్తటి మాంసం తినలేదు. అయితే నాలుగు ముక్కలకే మొహం మొత్తింది. మా నాలుకకి నమిలే మాంసం అలవాటు. మనిషికి దాదాపు 15,000 యెన్లయింది. మన డబ్బులో 8,000 రూపాయల పైమాటే.

తింటూ తింటూ ఒక సంగతి గమనించాను. బల్ల మీద కొవ్వు మండుతోంది. గదిలో పొగ లేదు, వాసన లేదు. పొయ్యి చుట్టూ అంచులో సన్నటి రంధ్రాలున్నాయి. పొగ పైకి లేవకముందే వాటిలోంచి కిందికి లాగేసి, నేల లోపలి గొట్టంలోంచి బయటికి పంపేస్తున్నాయి. నేను వంగి చూస్తుంటే తమ్ముడి స్నేహితుడు నవ్వాడు. 1980 ప్రాంతంలో ఈ పొగలేని పొయ్యిలు వచ్చాయని, అంతకుముందు యాకినికు అంటే పొగచూరిన గోడలు, తాగుబోతులు, కొరియన్ల పేట అని చెప్పాడు. పొగ పోయాక ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు, పిల్లాజెల్లా రావడం మొదలైంది. 1991లో విదేశీ మాంసం దిగుమతికి దారి తెరిచాక సందుసందుకీ హోటళ్ళు. ఆ తర్వాత ఇలాంటి ఖరీదైన గదులు.

"పొగని తీసేశారు, దాంతోపాటు మమ్మల్ని కూడా" అన్నాడాయన. తమ్ముడు ఉర్దూలోకి మార్చి చెప్పాడు.

అప్పుడు తెలిసింది ఆయన కొరియన్ అని. ఆఫీసు కార్డు మీద జపాను పేరుంటుంది, ఇంట్లో వేరే పేరు. మూడు తరాలుగా జపానులోనే పుట్టారు. కొరియన్లలో చాలామందికి ఇట్లా రెండు పేర్లుంటాయట. నేను వింటూ మా దోస్తుల్ని తలుచుకున్నాను. అద్దె ఇంటి కోసం ఫోనులో సలీం 'సతీష్' అవుతాడు. హోటల్లో పనికి కుదిరిన మస్తాన్ 'మధు' అవుతాడు.

జపాను ముందునుంచీ మాంసం తినే దేశం కాదు. 675లో టెన్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినకూడదని శాసనం చేశాడు. ఏడాది పొడుగునా కాదు, వ్యవసాయం పనులుండే నెలల్లో. బౌద్ధం ఒక కారణం, దుక్కిటెద్దు ఇంకో కారణం. ఆ తర్వాత వందల ఏళ్ళు నాలుగు కాళ్ళ జంతువును తినడం అపవిత్రం. చచ్చిన పశువును ఎత్తేవాళ్ళు, కోసేవాళ్ళు, తోలు తీసేవాళ్ళు ఊరికి దూరంగా వేరు వాడల్లో ఉండేవాళ్ళు. ఇది ఎక్కడి కథో తెలుగువాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. 1871లో ఆ అంటరానితనం చట్టంలోంచి తీసేశారు. 1872లో మెయిజీ చక్రవర్తి స్వయంగా గొడ్డుమాంసం తిన్నాడని లోకానికి తెలియజేశారు. తెల్లవాళ్ళలాగా బలంగా కావాలంటే తినాలన్నారు. పై నుంచి చక్రవర్తి తింటే నాగరికత అయింది. కోసినవాడు మాత్రం వాడలోనే ఉండిపోయాడు. వాళ్ళు 1922లో సుయిహేషా అనే సంఘం పెట్టుకుని తిరగబడ్డారు.

ఆ వివక్ష చచ్చిపోలేదు. టోక్యోలో షినగావా స్టేషన్‌కి నడిచే దూరంలో షిబౌరా కబేళా ఉంది. దాన్ని ఆనుకుని ఉన్న భవనంలో ఒక ప్రదర్శన గది ఉంది. మర్నాడు తమ్ముణ్ణి తీసుకుని వెళ్ళాను. కత్తులు, పని జరిగే తీరు, బొమ్మలు. ఒక గోడకి ఆ కార్మికులకి వచ్చిన తిట్ల ఉత్తరాలు. నగరమంతా తింటున్న మాంసాన్ని కోసి పెడుతున్న చేతులకి ఆ నగరం నుంచే వచ్చిన ఉత్తరాలవి. తమ్ముడు రెండు చదివి చెప్పి, మూడోది చదవలేక ఆగిపోయాడు.

ఇక కొరియన్ల సంగతి. 1910లో జపాను కొరియాను మింగేసింది. భూములు పోయినవాళ్ళు, పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు, యుద్ధకాలంలో గనులకీ ఫ్యాక్టరీలకీ బలవంతంగా తోలినవాళ్ళు కలిసి 1945 నాటికి జపానులో దాదాపు ఇరవై లక్షలమంది కొరియన్లు. యుద్ధం ముగిశాక చాలామంది తిరిగి వెళ్ళారు. ఓ ఆరు లక్షలమంది మిగిలారు. 1952లో వాళ్ళ జపాను పౌరసత్వం తీసేశారు. పరాయివాళ్ళ కార్డు చేతిలో పెట్టి వేలిముద్రలు తీసుకున్నారు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు కూడా ముద్రలు వెయ్యాల్సిందే. వాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడాక 1993లో అది పోయింది. ఆవుకి ముక్కు ముద్ర తీసి విలువ కడతారు. మనిషికి వేలిముద్ర తీసి అనుమానిస్తారు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా అమ్మీ ఇనప పెట్టె తీసి అబ్బా స్కూలు సర్టిఫికెట్, పాత రేషన్ కార్డు ముందేసుకుని కూర్చున్నది నాకు ఆ గదిలో గుర్తొచ్చింది.

తమ్ముడి స్నేహితుడి నాయనమ్మ జెజు దీవి నుంచి ఒసాకా వచ్చింది. యుద్ధం అయిపోయిన రోజుల్లో పని లేదు, తిండి లేదు. కబేళా దగ్గర ఎవరూ ముట్టని పేగులు, పొట్ట, కార్జం దాదాపు ఊరికే దొరికేవి. ఆమె తెల్లారకముందే తెచ్చి, ఉప్పేసి పిసికి, నాలుగు నీళ్ళల్లో కడిగి, వెల్లుల్లి, మిరప దట్టించి బొగ్గుల మీద కాల్చి అమ్మింది. ఇట్లా ఎందరో ఆడవాళ్ళు. యాకినికు అక్కడ నిలదొక్కుకుంది. ఆ పేగుల కూరకే 'హొరుమోన్' అని పేరు. ఒసాకా యాసలో 'పారేసేది' అన్న మాటలోంచి వచ్చిందని జనం చెప్పుకుంటారు. కాదు, బలాన్నిచ్చే తిండి అనే అర్థంలో డాక్టర్ల 'హార్మోన్' మాటే అలా మారిందని ఇంకొందరు. ఏది నిజమైనా ఆయన మొదటిదాన్నే నమ్ముతాడు. వాళ్ళ నాయనమ్మ పారేసిన దాన్ని ఏరుకొచ్చుకోవడం ఆయనకి తెలుసు కాబట్టి.

మా ఇళ్ళల్లో బోటీ ఎట్లా వచ్చింది? తలకాయ, కాళ్ళు, గుర్దా, భేజా ఎట్లా వచ్చాయి? నవాబుల దస్తర్‌ఖాన్ నుంచి దిగినవి కొన్ని. ఎక్కువ మాత్రం నవాబులు వదిలేసినవి. మాదిగవాడలో అమ్మలు బోటీ కడిగే పద్ధతీ మా అమ్మీ కడిగే పద్ధతీ ఒకటే. సున్నపు నీళ్ళు, వేడినీళ్ళు, కత్తి వెనక వైపుతో గీకడం. కడిగే చేతులకి మతం తేడా లేదు. పేదరికం ఒకటే.

ఒసాకా కూడా వెళ్ళాను. అక్కడ త్సురుహాషి అనే స్టేషన్ ఉంది. రైలు తలుపు తెరుచుకోగానే కాలుతున్న మాంసం వాసన ప్లాట్‌ఫారం మీదికి వచ్చి పలకరిస్తుంది. సందుల నిండా పొగ. ఇక్కడ పొగలేని పొయ్యిలు తక్కువ. హలాల్ కాదు కాబట్టి నేను మాంసం ముట్టలేదు. అన్నం, మొలకల కూర తింటూ వాళ్ళు తినేది చూస్తూ కూర్చున్నాను. ఆయన అంగీ చేతులు మడిచి, కోటు పక్కన కుర్చీ మీద పడేసి, పేగులు తిరగేస్తున్నాడు. టోక్యో గదిలో ఒక్కో ముక్కని లెక్కపెట్టి తిన్న మనిషే. ఇక్కడ గొంతు పెద్దదైంది, నవ్వు పెద్దదైంది. దుకాణంలో ముసలామె ఆయన్ని ఇంటి పేరుతో పిలిచింది. జపాను పేరు కాదు, రెండోది.

2001లో జపాను పర్యావరణ శాఖ దేశంలో కాపాడుకోదగిన వంద సువాసనల జాబితా వేసింది. అడవులు, పూలు, సముద్రపు గాలి, పాత వీధులు. ఆ వందలో త్సురుహాషి స్టేషన్ చుట్టుపక్కల సందడి, అక్కడి యాకినికు వాసన కూడా ఒకటి. వింటుంటే ఒళ్ళు పులకరించింది. ఆయన్ని చిన్నప్పుడు బళ్ళో పిల్లలు 'వెల్లుల్లి కంపు' అని ఏడిపించేవాళ్ళట. ఆ కంపుని ప్రభుత్వం సువాసన అని రాసింది! అన్నేళ్ళుగా నేను కన్న కల కూడా అదే. ఒకరోజు మా కూరని కూడా ఈ దేశం ఒక రుచిగా గుర్తిస్తుంది, అప్పుడు మమ్మల్ని కూడా గుర్తిస్తుంది అని.

ఆయన నా సంతోషం చూసి నెమ్మదిగా మిగతాది చెప్పాడు. 2013లో ఇదే త్సురుహాషిలో, ఇదే స్టేషన్ దగ్గర, కొరియన్లు దేశం విడిచిపోవాలని మైకులు పెట్టి ఊరేగింపులు తీశారు. పోకపోతే చంపుతామని కేకలు వేశారు. 2016లో గానీ విద్వేష ప్రసంగాల మీద చట్టం రాలేదు, ఆ చట్టంలోనూ శిక్ష లేదు. అంటే వాసన జాబితాకెక్కిన పన్నెండేళ్ళకి ఆ వాసన పుట్టించిన మనుషుల్ని పొమ్మన్నారు. అలా కేకలేసిన వాళ్ళలో యాకినికు తినని వాళ్ళు ఎంతమంది ఉంటారు?

కూరకి గౌరవం రావడం, కూర వండినవాళ్ళకి గౌరవం రావడం ఒకటి కాదు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళు మనసుకి ఎక్కలేదు. హైదరాబాదు బిర్యానీని చూడండి. దేశమంతా తింటుంది, పొగుడుతుంది. ఆ తిన్నవాళ్ళే మాకు ఇల్లు అద్దెకివ్వరు. హలీమ్‌కి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంజాన్ నెలలో హిందూ స్నేహితులు వరసలో నిలబడి తింటారు, సంతోషమే. ఆ హలీమ్ అమ్మే కుర్రవాణ్ణి పేలుడు జరిగిన మర్నాడు పోలీసులు ఎత్తుకుపోతే ఆ వరసలోంచి ఎంతమంది వస్తారు? 2015 సెప్టెంబరులో దాద్రీ దగ్గర బిసాహడా గ్రామంలో గోమాంసం ఉందన్న పుకారు మీద మొహమ్మద్ అఖ్లాక్‌ని కొట్టి చంపారు. మనిషి చచ్చాక ఆ ఇంటి మాంసాన్ని పరీక్షకి పంపారు. ఆ సంవత్సరం కూడా మన దేశం గేదె మాంసం ఎగుమతిలో ప్రపంచంలో ముందు వరసలోనే ఉంది. మాంసం ఓడెక్కి గౌరవంగా పోయింది. మనిషి ఇంటి ముందు పడి ఉన్నాడు.

బయటివాళ్ళని అని ఊరుకుంటే సరిపోదు. మాలో మేము చేసేది కూడా చెప్పాలి. మా పెళ్ళిళ్ళలో 'ఛోటే కా' పెడితే షాన్, 'బడే కా' పెడితే పేదరికం. "హమ్ తో బడా ఛూతే భీ నై" అని మీసం తిప్పే ఖాందానీలు నాకు తెలుసు. కళ్యాణీ నవాబుల పేరు మీద ఉన్న కళ్యాణీ బిర్యానీని పేదల బిర్యానీ అని చిన్నచూపు చూసేది మావాళ్ళే. ఖురేషీలు కోసిన మాంసం కావాలి, ఖురేషీల ఇంట్లో సంబంధం అంటే మాత్రం సయ్యద్‌లకి దగ్గొస్తుంది. షిబౌరా గోడ మీది ఉత్తరాలు జపాను భాషలో ఉన్నాయి కానీ ఆ చేతిరాత మన ఇళ్ళల్లో కూడా ఉంది.

మా అమ్మీకి కూడా ఒక పొగలేని పొయ్యి ఉండేది. మేము నల్లగొండలో ఒక పంతులుగారి పక్కవాటాలో అద్దెకి ఉన్నప్పుడు, నెలకోసారి అబ్బా పెద్దకూర తెచ్చిన రోజు, అమ్మీ సందు వైపు కిటికీ మూసేది. తలుపు కింద తడిగుడ్డ పెట్టేది. అల్లం వెల్లుల్లి తక్కువ వేసేది. ఉడికేసరికి ఆ చిన్న గదిలో కళ్ళు మండి అందరం దగ్గేవాళ్ళం. తిన్నాక నిప్పుల మీద ఊదు వేసి ఇల్లంతా తిప్పేది. పంతులుగారు మంచివారే. ఏనాడూ ఏమీ అనలేదు. అనకపోవడం కోసమే అమ్మీ ఆ పొగంతా మింగింది. ఇప్పుడు అమ్మీ ఊపిరితిత్తుల గురించి డాక్టరు చెప్తుంటే నాకు ఆ మూసిన కిటికీయే కనిపిస్తుంది.

ఖరీదైన గదిలో బల్ల కింద గొట్టం చేసేదీ, అద్దె గదిలో అమ్మీ తడిగుడ్డ చేసేదీ ఒకటే పని. ఇతరులకి ఇబ్బంది కలగకుండా మన ఆనవాలు తుడిచెయ్యడం. అక్కడ యంత్రం చేస్తుంది, ఇక్కడ అమ్మ చేస్తుంది. అక్కడ వాసన పోయింది కాబట్టి హోటల్ పెద్దదైంది. ఇక్కడ వాసన పోయింది కాబట్టి మేము 'మంచి ముస్లిములం' అయ్యాం. మా సెక్యులర్ మిత్రులు చాలామంది ఈ పొగలేని ముస్లిమునే ఇష్టపడతారు. ఉర్దూ గజల్ కావాలి, సేమ్యా కావాలి, అజాన్ మైకు వద్దు. మీలో చాలామంది మా ఇంటికొచ్చి తిన్నవాళ్ళే. 'ఇది ఏ కూర?' అని అడిగి, చిన్నదే అని చెప్పాకే కలుపుకున్నవాళ్ళు కూడా మీలోనే ఉన్నారు. తినమని ఎవర్నీ బలవంతం చెయ్యం. ఇష్టం లేకపోతే తినకండి. మేము కూడా పంది తినం. తినకపోవడం వేరు, అసహ్యించుకోవడం వేరు. ఆ తేడా ఒక్కటి మీ దగ్గర అడుగుతున్నాం.

2012 ఏప్రిల్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో దళిత బహుజన విద్యార్థులు బీఫ్ పండుగ చేసినప్పుడు గొడవలు జరిగాయి, దాడులు జరిగాయి. అప్పుడు నా వయసువాళ్ళు కొందరు, నాతో సహా, ఆ పిల్లల ధైర్యానికి మురిసిపోయాం. వాళ్ళు చేసింది చిన్న పని కాదు. మూసిన కిటికీని బజారులో తెరిచారు. ఆ కూరని దాని పేరు పెట్టి పిలిచారు. మా ముస్లిముల తరఫున కూడా వాళ్ళే పిలిచారు. ఆ బాకీ మా మీద ఉంది.

మా కూర ఫైవ్‌స్టార్ హోటల్ మెనూలోకి ఎక్కాలని నాకు లేదు. పది అంకెల నెంబరూ వద్దు, వంద సువాసనల జాబితాలో చోటూ వద్దు. జాబితాలు వేసేవాళ్ళే ఊరేగింపులకి దారి ఇస్తారు. మా పిల్లలు సొంత పేరుతో ఇల్లు అద్దెకి అడగాలి. మా అమ్మీ, డెబ్బై దాటిన ఆ మనిషి, ఒక్కరోజన్నా కిటికీ బార్లా తెరిచి, అల్లం వెల్లుల్లి నిండుగా వేసి వండాలి. ఆ పొగ సందులోకి పోవాలి. పక్కింటివాళ్ళకి నచ్చకపోతే వాళ్ళ కిటికీ వాళ్ళు వేసుకోవచ్చు.